ఊపిరి లెక్కల్లో ఆడవాళ్ళు

వైద్య చరిత్ర పుస్తకం ఏది తెరిచినా స్టెతస్కోప్ పుట్టిన కథ ఉంటుంది. 1816లో పారిస్‌లో రెనె లెన్నెక్ అనే డాక్టరు దగ్గరికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. అప్పటికి ఛాతీని పరీక్షించడానికి రెండే పద్ధతులున్నాయి. ఒకటి వేళ్ళతో తట్టి చూడటం, రెండోది ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినడం. ఆమె కాస్త ఒళ్ళున్న మనిషి కాబట్టి తట్టి చూస్తే ఏమీ తెలియలేదు. వయసులో ఉన్న స్త్రీ కాబట్టి చెవి ఆనించడం మర్యాద కాదనుకున్నాడాయన. కాగితాలు గొట్టంలా గట్టిగా చుట్టి ఒక కొస ఆమె ఛాతీ మీద, ఇంకో కొస తన చెవి దగ్గర పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా వినపడింది. 1819లో దాని మీద పుస్తకం రాశాడు. ఛాతీ వైద్యం దిశే మారిపోయింది. ఆ డాక్టరు పేరు రెండు వందల ఏళ్ళుగా ప్రపంచమంతా తలుచుకుంటోంది. ఆ యువతి పేరు మాత్రం కథలో లేదు.

దీన్ని సాధారణంగా లెన్నెక్ సమయస్ఫూర్తికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఇందులో మూడు సంగతులు కనిపిస్తాయి. స్త్రీ శరీరాన్ని తాకడంలో ఉన్న ఇబ్బంది, ఆ ఇబ్బందిలోంచి పుట్టిన పరికరం, పరికరం వచ్చాక కథలోంచి మాయమైపోయిన స్త్రీ. ఊపిరితిత్తుల పరీక్షల చరిత్ర చదివే కొద్దీ ఈ మూడూ మళ్ళీ మళ్ళీ ఎదురయ్యాయి.

సాహిత్యం చదువుకున్న మనిషికి ఈ చరిత్రతో ఏం పని అని అడగొచ్చు. నా పిహెచ్‌డి తెలుగు కథల్లో జబ్బుపడ్డ స్త్రీ పాత్రల మీద. నేను చదివిన కథల్లో క్షయ వచ్చిన స్త్రీలు చాలామందే ఉన్నారు. దగ్గుతారు, చిక్కిపోతారు, కొంగులో రక్తపు మరక దాచుకుంటారు, పుట్టింటికి పంపబడతారు. కానీ పరీక్ష గదిలో ఏం జరిగిందో కథ చెప్పదు. డాక్టరు బయటికొచ్చి భర్తతోనో తండ్రితోనో మాట్లాడతాడు. లోపల ఆమెను ఏమడిగారు, ఏం విప్పమన్నారు, ఎక్కడ తాకారు, ఆమె ఏం చెప్పుకుంది అన్నది ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో తెలుసుకోవాలనిపించి సాహిత్యం నుంచి వైద్య చరిత్రలోకి అడుగుపెట్టాను.

స్టెతస్కోప్‌కి ముందున్న 'తట్టి చూడటం' కూడా ఒక డాక్టరు కనిపెట్టిందే. ఆస్ట్రియాకి చెందిన లియోపోల్డ్ ఆవెన్‌బ్రుగర్ 1761లో దాని గురించి రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలో సారా ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకునే ఇంటి విద్యనే మనిషి ఛాతీకి వాడాడంటారు. నీరు పట్టిన చోట మొద్దు శబ్దం, గాలి ఉన్న చోట బోలు శబ్దం. ఇప్పటికీ డాక్టరు వీపు మీద వేలు పెట్టి ఇంకో వేలితో కొట్టేది ఇందుకే. ఆవెన్‌బ్రుగర్ ఒక నియమం కూడా పెట్టాడు. ఒంటి మీద చొక్కా ఉండగానే తట్టాలి, లేదా డాక్టరు చేతికి తొడుగు వేసుకోవాలి.

మన దగ్గర ఈ మర్యాద సమస్య ఇంకో రూపంలో ఉండేది. పరదా పాటించే కుటుంబాల్లో స్త్రీని మగ డాక్టరు చూడకూడదు. మహా అయితే తెర చాటునుంచి చెయ్యి చాపితే నాడి చూసేవాళ్ళు. నాడి తెలుస్తుంది కానీ ఊపిరితిత్తి తెలియదు. 1885లో డఫరిన్ ఫండ్ ఏర్పడి ఆడ డాక్టర్లతో ఆసుపత్రులు పెట్టడం మొదలుపెట్టింది ఈ అవసరం చూపించే. 1920లో ఆర్థర్ లాంకెస్టర్ మన దేశంలో క్షయ గురించి రాసిన పుస్తకంలో, ఆడవాళ్ళలో జబ్బు ఎక్కువగా ఉండటానికి పరదాని ముఖ్యకారణంగా చూపించాడు. చీకటి గదులు, గాలి ఆడకపోవడం నిజమే. కానీ వలస పాలకులకి పరదాని తప్పుపట్టడం సులువు. కూలి, ఆకలి, కిక్కిరిసిన మిల్లు బస్తీల గురించి మాట్లాడితే తమ పాలన గురించి మాట్లాడాల్సి వస్తుంది. స్త్రీ ఊపిరి గురించి మాట్లాడిన ప్రతిసారీ దాని చుట్టూ ఇలాంటి ఇంకో లెక్క నడుస్తూనే ఉంది.

లెక్క అన్న మాట ఊరికే వాడటం లేదు. ఊపిరిని నిజంగానే అంకెల్లోకి దించిన మనిషి ఇంగ్లండు డాక్టరు జాన్ హచిన్‌సన్. నీళ్ళలో బోర్లించిన పాత్రలోకి గొట్టం ద్వారా ఊదితే పాత్ర పైకి లేస్తుంది. ఎంత లేచిందో చూసి గాలి పరిమాణం చెప్పొచ్చు. ఈ స్పైరోమీటరుతో రెండు వేలమందికి పైగా ఊపిరి కొలిచి 1846లో ఫలితాలు ప్రకటించాడు. మనిషి ఎత్తుని బట్టి ఊపిరి పెరుగుతుందని, వయసుతో తగ్గుతుందని, క్షయ ఉన్నవాళ్ళలో బాగా పడిపోతుందని తేల్చాడు. నావికులు, సైనికులు, పోలీసులు, మంటలార్పే వాళ్ళు, అచ్చుపనివాళ్ళు, నిరుపేదలు, పెద్దమనుషులు అంటూ వర్గాలుగా విడదీసిన ఆయన జాబితాలో ఆడవాళ్ళు అతి కొద్దిమంది. ఆశ్చర్యం ఏముంది? ఈ అంకె మీద మొదట ఆసక్తి చూపించింది సైన్యం, పోలీసు, జీవిత బీమా కంపెనీలు. హచిన్‌సన్ కూడా ఒక బీమా కంపెనీకి డాక్టరే. ఎవడు ఎంత పనికొస్తాడు, ఎవడు ఎన్నాళ్ళు బతుకుతాడు అన్నది వాళ్ళ ప్రశ్న. అందులో ఆడవాళ్ళ లెక్క ఎవరికి కావాలి?

అక్కడక్కడా ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చింది. మగవాళ్ళు పొట్టతో ఊపిరి పీలుస్తారు, ఆడవాళ్ళు ఛాతీ పైభాగంతో పీలుస్తారు అని ఆ కాలపు డాక్టర్లు నమ్మారు. గర్భం మోయడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అని వివరణ కూడా ఇచ్చారు. ఆ ఆడవాళ్ళలో చాలామంది నడుముని బిగించి కట్టే కార్సెట్లు తొడుక్కుని ఉన్నారన్న సంగతిని ఎక్కువమంది పట్టించుకోలేదు. 1890ల్లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న క్లీలియా మోషర్ ఈ విషయాన్నే పరిశోధనగా తీసుకుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళలాగే పొట్ట కదిలేలా ఊపిరి తీస్తారని, తేడా అంతా బట్టల వల్ల వచ్చిందని కొలిచి చూపించింది. కార్సెట్ పెట్టిన బిగింపుని ప్రకృతి ధర్మమన్నారన్నమాట. ఈ తర్కం మనకి కొత్తేం కాదు. ముందు కట్టేసి, ఆ తర్వాత కదలలేకపోవడమే ఆమె స్వభావం అనడం ఎన్ని విషయాల్లో చూడలేదు?

ఇదే యంత్రం జాతి వివక్షకి కూడా పనికొచ్చింది. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించిన డాక్టరు శామ్యూల్ కార్ట్‌రైట్ 1851లో, నల్లవాళ్ళ ఊపిరితిత్తుల సామర్థ్యం తెల్లవాళ్ళకంటే 20 శాతం తక్కువని రాశాడు. కాబట్టి కష్టం చేయించడమే వాళ్ళ ఆరోగ్యానికి మంచిదని వాదించాడు. బానిసత్వం పోయినా ఆ అంకె పోలేదు. 'జాతి సవరణ' అనే పేరుతో యంత్రంలోకే ఎక్కింది. నల్లవాళ్ళకి 10 నుంచి 15 శాతం, ఆసియా వాళ్ళకి 4 నుంచి 6 శాతం తక్కువ ఉన్నా అది 'నార్మలే' అని యంత్రం దానంతటదే లెక్క కట్టేది. దీని ఫలితం ఏమిటో 1999లో బాల్టిమోర్‌లో బయటపడింది. ఆస్బెస్టాస్ ధూళితో ఊపిరితిత్తులు పాడై నష్టపరిహారం కోరుతున్న నల్లజాతి కార్మికులు, తెల్లవాళ్ళకంటే తక్కువ అంకె వస్తేనే రోగులుగా లెక్కకొస్తారని కంపెనీ వాదించింది. జడ్జి ఒప్పుకోలేదు. ఈ చరిత్రనంతా లండీ బ్రౌన్ అనే పరిశోధకురాలు 2014లో పుస్తకంగా రాసింది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ జాతిని బట్టి లెక్క మార్చే పద్ధతి మానేయమని సిఫారసు చేసింది.

మనకేమిటి సంబంధం? చాలా ఉంది. రిపోర్టులో మీ అంకె పక్కన శాతం ఒకటి ఉంటుంది. మీ ఎత్తు, వయసు ఉన్న ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఊదాల్సిన దాంట్లో మీరెంత ఊదారు అని దానర్థం. ఆ ఆరోగ్యవంతురాలు ఎవరు? ఏ ఊరామె? 2012లో తయారై ప్రపంచమంతా వాడిన ప్రామాణిక లెక్కల్లో భారత ఉపఖండానికి విడిగా వర్గమే లేదు. మనల్ని 'ఇతరులు' అన్న గంపలో వేసుకోవాలి. మరి మనకి విడిగా లెక్క ఉంటే సరిపోతుందా? చిన్నప్పటినుంచి సరైన తిండి లేక, పొగలో పెరిగి ఊపిరితిత్తులు చిన్నవైపోయిన వాళ్ళని కొలిచి, ఇదే మీ నార్మల్ అంటే అది కార్సెట్ తర్కమే అవుతుంది. అందుకే ఈ చర్చ ఇంకా తేలలేదు.

రెండేళ్ళ కిందట మా పెద్దమ్మని ఈ పరీక్షకి తీసుకెళ్ళాను. ఆమెకి అరవై ఆరేళ్ళు. ప్రకాశం జిల్లాలో మా ఊళ్ళో నలభై ఏళ్ళు కర్రల పొయ్యి మీద వండింది. కంది కట్టె, పత్తి కట్టె, సర్కారు తుమ్మ కంప, వానాకాలంలో పిడకలు. పొయ్యి మండకపోతే ఊదుగొట్టంతో ఊదడం, కళ్ళు తుడుచుకోవడం, దగ్గడం. ఆయాసమంటే వయసు మీదపడింది కదా అన్నారు ఇంట్లో. ఊళ్ళో డాక్టరు నెర్వస్‌నెస్ అని బి కాంప్లెక్స్ రాశాడు. పెద్దాసుపత్రిలో పరీక్షకి ముందు ఒక ఫారం నింపారు. పొగ తాగుతారా అన్న గడి ఉంది. లేదు అని రాశారు. ఏ పొయ్యి మీద వండారు, ఎన్నేళ్ళు వండారు అన్న గడి లేదు. నేను చెబితే ఆ కుర్రాడు మార్జిన్‌లో రాసుకున్నాడు.

తర్వాత ముక్కుకి క్లిప్పు పెట్టారు. మూతి మధ్య గొట్టం పెట్టి పెదాలు బిగించమన్నారు. నిండుగా ఊపిరి తీసుకుని ఒక్కసారిగా, గట్టిగా, ఇక చాలనేదాకా ఊదాలి. 'గట్టిగా ఊదాలమ్మా, మధ్యలో ఆపకూడదు, ఇంకా, ఇంకా' అని కుర్రాడు అరుస్తాడు. అలా అరవడం అతని డ్యూటీలో భాగమే. కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి. పెద్దమ్మ ప్రతిసారీ సగంలో ఆపేసింది. 'మీ ఆవిడ సహకరించడం లేదు' అని కుర్రాడు మా పెదనాన్నతో చెప్పాడు. బయట వరండాలో బెంచీ మీద కూచోబెట్టి ఏమైందని అడిగితే, పెదనాన్న అటు వెళ్ళేదాకా ఆగి, 'గట్టిగా ఊదితే కింద తడైపోతోందే. మగపిల్లాడి ముందు ఎట్లా చెప్పేది' అంది. ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి. బాత్రూంకి వెళ్ళొచ్చి, ఒక పాత గుడ్డ పెట్టుకుని, జాకెట్ పైహుక్కులు వదులు చేసుకుని, పైట కప్పుకుని మళ్ళీ కూచుంది. ఈసారి పూర్తిగా ఊదింది. తర్వాత ఇన్‌హేలర్ ఇచ్చి పావుగంట ఆగి మళ్ళీ ఊదించారు. మందుతో గొట్టాలు తెరుచుకుంటే ఉబ్బసం వైపు, అంతగా తెరుచుకోకపోతే సీఓపీడీ వైపు ఆలోచిస్తారు. పెద్దమ్మది రెండోది.

ఈ సమస్య ఆమె ఒక్కతిదే కాదు. గట్టిగా ఊదినప్పుడు మూత్రం జారే స్త్రీలలో పరీక్ష ఫలితం తప్పుగా రావొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 2005లోనే రాశారు. రాసినమాట పరీక్ష గదిదాకా రాలేదు, అంతే. కాన్పులైన స్త్రీకి ముందే 'బాత్రూంకి వెళ్ళి రండమ్మా' అని చెబితే అయిపోయే పని. అది చెప్పకుండా 'సహకరించడం లేదు' అని రిపోర్టులో రాస్తారు.

పొగ తాగని స్త్రీకి ఈ జబ్బేమిటన్న ప్రశ్నకి జవాబు కూడా పాతదే. దాన్ని ముందుగా పట్టుకున్న వాళ్ళలో ఒక స్త్రీ ఉంది. బర్మాలో పుట్టి, ఢిల్లీలో పనిచేసి, మన దేశపు తొలి మహిళా గుండె వైద్యనిపుణురాలిగా పేరు పొందిన డాక్టర్ ఎస్. పద్మావతి, తన సహచరుడితో కలిసి 1959లో ఒక వ్యాసం ప్రచురించింది. ఊపిరితిత్తులు పాడవడం వల్ల గుండె దెబ్బతిన్న 127 మంది రోగుల గురించి అది. మగవాళ్ళకంటే పొగ తాగడం చాలా తక్కువైనా ఆడవాళ్ళకీ ఈ జబ్బు బాగా కనిపించడం చూసి, వంటింటి పొగ వైపు వేలు చూపించింది. ఆ తర్వాత నలభై ఏళ్ళకి, 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద మహిళా సంఘాల సభ్యులకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. సిలిండర్ ఇంటికొచ్చినా, నిండుకున్నప్పుడు మళ్ళీ కొనే డబ్బు లేక కట్టెల పొయ్యి రాజేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పద్మావతి 2020లో 103 ఏళ్ళ వయసులో కోవిడ్‌తో చనిపోయింది.

యంత్రాన్ని ఇంతసేపు తిట్టాను కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. 2001లో అమెరికా, కెనడా డాక్టర్ల మీద ఒక అధ్యయనం జరిగింది. ఒకే రోగి వివరాలు అందరికీ ఇచ్చారు. కొందరికి రోగి మగవాడని, కొందరికి స్త్రీ అని చెప్పారు. మగవాడనుకున్న డాక్టర్లు ఎక్కువమంది సీఓపీడీ అన్నారు. స్త్రీ అనేసరికి ఆ సంఖ్య తగ్గింది. తర్వాత స్పైరోమెట్రీ ఫలితాలు చూపించారు. తేడా చాలావరకు తగ్గిపోయింది. అంటే ఆమె మాటకి లేని విలువ ఆమె ఊదిన అంకెకి వచ్చింది. ఇది సంతోషించాల్సిన విషయమా, బాధపడాల్సిన విషయమా? రెండూనేమో. యంత్రం పక్షపాతాన్ని మోస్తుంది, డాక్టరు పక్షపాతాన్ని సరిచేస్తుంది కూడా. అందుకే ఆయాసం ఉన్న స్త్రీకి పరీక్ష వద్దని నేననను. ఆ పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలంటాను.

పెద్ద ఆసుపత్రుల్లో స్పైరోమెట్రీ తర్వాత ఇంకో పరీక్ష చేస్తారు. అతి కొద్దిగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలి పీల్పించి, పది సెకన్లు బిగపట్టించి వదలమంటారు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా వెళుతోందో దాంతో తెలుస్తుంది. ఈ పద్ధతికి పునాది వేసింది డెన్మార్క్‌కి చెందిన మేరీ క్రోగ్ అనే డాక్టరు. 1915లో ఆమె ప్రచురించిన వ్యాసమే దీనికి మూలం. పెళ్ళయి, పిల్లల్ని పెంచుతూ, రోగుల్ని చూస్తూ చేసిన పని. ఆమె భర్త ఆగస్ట్ క్రోగ్‌కి 1920లో నోబెల్ బహుమతి వచ్చింది కాబట్టి చాలాచోట్ల ఆమె 'క్రోగ్ గారి భార్య'గానే పరిచయమవుతుంది. ఈ పరీక్షలో మనకి అవసరమైన సంగతి ఒకటుంది. వాయువుని పట్టుకునేది రక్తంలోని హిమోగ్లోబిన్. రక్తం తక్కువగా ఉంటే ఊపిరితిత్తులు బాగున్నా ఫలితం తక్కువ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి హిమోగ్లోబిన్ చూసి ఫలితాన్ని సవరించారా అని అడగాల్సింది ముఖ్యంగా మనమే.

ఎక్స్‌రే చరిత్ర కూడా ఒక స్త్రీ చేతితోనే మొదలవుతుంది. 1895 డిసెంబరులో రంట్‌గెన్ తీసిన ప్రఖ్యాత చిత్రం ఆయన భార్య అన్నా బెర్తా చెయ్యి. ఎముకలు, వాటి మీద ఉంగరం. తన చావును తానే చూసినట్టుందని ఆమె అన్నట్టు చెబుతారు. సాహిత్యంలో ఎక్స్‌రే అనగానే నాకు థామస్ మన్ నవల 'మ్యాజిక్ మౌంటెన్' (1924) గుర్తొస్తుంది. క్షయ శానిటోరియంలో ఉన్న కథానాయకుడు తను మోహించిన స్త్రీ ఛాతీ ఎక్స్‌రేని జ్ఞాపికగా దాచుకుంటాడు. ముఖం లేని, పక్కటెముకల చిత్రం. ఆమె శరీరం లోపలికి కూడా అతని చూపు చేరింది. చూడబడటం తప్ప ఆమెకి అందులో పాత్ర లేదు. మనదగ్గర ఎక్స్‌రే ప్రేమకానుక కాలేదు. పెళ్ళి సంబంధాలప్పుడు బీరువా అడుగున దాచేసే కవరయింది.

ఎక్స్‌రే గదిలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం ఇబ్బంది తగ్గుతుంది. నడుము పైభాగం బట్టలు తీసి గౌను వేసుకోమంటారు. గౌను అడగడం మీ హక్కు. లోహమేదీ ఛాతీ మీద ఉండకూడదు కాబట్టి గొలుసు, మంగళసూత్రం, నల్లపూసలు, హుక్కులున్న లోదుస్తులు తీయాలి. సూత్రం తీయనని పట్టుబట్టి, నోట్లో కరుచుకునో వీపు మీదికి వేసుకునో నిలబడే వాళ్ళని చూశాను. ఆ నీడ ఫిల్ము మీద పడుతుంది. జడ పైకి ముడేసుకోవాలి. ఒత్తయిన జడ భుజం మీద పడితే ఊపిరితిత్తి పైభాగంలో, సరిగ్గా క్షయ మచ్చ కనిపించే చోట, నీడలా వస్తుంది. రొమ్ముల నీడ కూడా కింది భాగంలో జబ్బులా భ్రమ కలిగించొచ్చు. ఇవన్నీ తెలిసిన డాక్టరు తొందరపడి తీర్పు చెప్పరు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. సీటీ స్కాన్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

క్షయ విషయంలో తుదిమాట ఎక్స్‌రేది కాదు, కళ్ళెది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టిన దగ్గర్నుంచి కళ్ళె పరీక్ష ఉంది. ఇప్పుడు జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ లాంటి యంత్రాలొచ్చి క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన మందుకి లొంగుతుందో లేదో కొన్ని గంటల్లోనే చెబుతున్నాయి. కానీ యంత్రం ఎంత కొత్తదైనా డబ్బాలో పడాల్సింది గుండె లోతుల్లోంచి తీసిన కళ్ళె. ఆడవాళ్ళు అక్కడే ఆగిపోతారు. గట్టిగా ఖాకరించి ఉమ్మే ఆడదాన్ని ఎవరు మెచ్చుకుంటారు? నలుగురి మధ్య, ఆసుపత్రి గోడవారగా, మొహమాటంతో నోట్లో ఊరిన ఉమ్మే డబ్బాలో వేసి ఇచ్చేస్తారు. అందులో క్రిమి దొరకదు. టీబీ లేదని రాసిస్తారు. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో చేసిన ఒక అధ్యయనం 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొందరు రోగులకి కళ్ళె ఎలా తీయాలో రెండు మాటలు వివరించి చెప్పారు. కొందరికి ఎప్పటిలాగే డబ్బా చేతికిచ్చారు. మగవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వివరణ విన్న ఆడవాళ్ళలో మాత్రం క్రిమి బయటపడటం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగింది. కొత్త యంత్రం లేదు, కొత్త మందు లేదు. ఎవరో ఒకరు ఆమెతో మాట్లాడారు, అంతే.

ఆ రెండు మాటలేమిటో ఇక్కడా రాస్తాను. పొద్దున లేవగానే, ఏమీ తినకముందు, నోరు నీళ్ళతో పుక్కిలించాలి. రెండుమూడుసార్లు నిండుగా ఊపిరి తీసుకుని, లోపల్నుంచి దగ్గి తీసిన చిక్కటి కళ్ళెని డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఎవరూ లేనిచోట, గాలి ఆడే చోట చేయొచ్చు. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మాట వినకపోవడం ఎంత పాత జబ్బో చెప్పే అధ్యయనం మనదేశంలోనే ఉంది. క్షయకి శానిటోరియంలో ఉంచనవసరం లేదు, ఇంటిదగ్గరే మందులతో నయమవుతుంది, ఇంట్లోవాళ్ళకి అదనపు ప్రమాదమేమీ లేదు అని 1959లో మద్రాసు అధ్యయనం ప్రపంచానికి చూపించింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి చోట నెలల తరబడి ఇల్లూ పిల్లల్నీ వదిలి ఉండాల్సిన స్త్రీకి ఆ ఫలితం ఎంత పెద్ద విడుదలో ఊహించుకోవచ్చు. కానీ మందు ఇవ్వాలంటే ముందు జబ్బు గుర్తించాలి కదా. 1963లో బెంగళూరు జాతీయ క్షయ సంస్థ తరఫున దేవబర్ బెనర్జీ, ఆండర్సన్ గ్రామాల్లో రోగుల్ని కలిసి అడిగారు. జనానికి జబ్బు స్పృహ లేదన్న వాదన నిలవలేదు. చాలామందికి తమకేదో అయిందని తెలుసు. సగంమంది దాకా అప్పటికే ఆసుపత్రికి వెళ్ళొచ్చారు. అక్కడ దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపేశారు.

మిగిలిన పరీక్షల గురించి క్లుప్తంగా. బ్రాంకోస్కోపీ అంటే చాలామంది ఆపరేషన్ అనుకుంటారు. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియాన్ ఒక రైతు శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కని ఇనప గొట్టంతో తీసిన దగ్గర మొదలైంది ఇది. 1960ల్లో జపాన్‌లో షిగెతో ఇకెదా వంగే గొట్టం తయారుచేశాక సులువయింది. కొన్ని గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. గొంతు మొద్దుబారే మందు కొడతారు, మత్తు కొద్దిగా ఇస్తారు. పరీక్ష జరుగుతున్నంతసేపు దగ్గొస్తుంది, మాట్లాడలేరు. గొంతు స్పర్శ తిరిగొచ్చేదాకా నీళ్ళు కూడా తాగకూడదు. ముక్క తీసి పరీక్షకి పంపితే ఒకటిరెండు రోజులు ఉమ్ములో రక్తపు చార కనిపించొచ్చు. ఎక్కువగా పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరు నిమిషాల నడక పరీక్ష చూడటానికి చిన్నదే గానీ, జారే చెప్పులతో, కాళ్ళకి తగిలే చీర కుచ్చెళ్ళతో నడిస్తే ఊపిరికి కాదు, చీరకి పరీక్ష అవుతుంది. కోవిడ్‌లో ఇంటింటికీ వచ్చిన వేలి యంత్రం కూడా అందర్నీ సమానంగా చూడదు. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళలో ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉందని చూపించే అవకాశం ఎక్కువని 2020లో అమెరికాలో తేలింది. అంకె బాగుందని ఆయాసాన్ని కొట్టిపారేయకూడదు.

ఇదంతా డాక్టర్ల మీద ఫిర్యాదు కాదు. రద్దీలో, ఒకరికి నాలుగు నిమిషాలు కూడా దొరకని చోట పనిచేసే వాళ్ళ కష్టం నాకు తెలుసు. ఆ టెక్నీషియన్ కుర్రాడు మార్జిన్‌లో రాసుకున్న ఆ ఒక్క వాక్యం వల్లే డాక్టరు పెద్దమ్మని పొయ్యి గురించి మళ్ళీ అడిగింది. ఇప్పుడామె ఇన్‌హేలర్ వాడుతోంది, మెట్లు మెల్లగా ఎక్కుతోంది. ఫారంలో గడి ఉండి ఉంటే ఆమె పక్కన పిహెచ్‌డి చేసిన కూతురు వరస పిల్ల ఉండాల్సిన అవసరమే లేదు.

కాబట్టి మనం రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం, ఆసుపత్రికి ఎవర్నో ఒకర్ని తీసుకెళ్ళేవాళ్ళం చేయగలిగింది ఒకటుంది. పరీక్ష గదిలోకి ఆమెతో పాటు ఇంకో ఆడమనిషి వెళ్ళొచ్చా అని అడగాలి. ఏ లెక్కతో పోల్చారని, రక్తం శాతం చూశారా అని అడగాలి. గడి లేని సంగతుల్ని మార్జిన్‌లోనైనా రాయించాలి. ఏ పొయ్యి, ఎన్నేళ్ళు, ఏ పొలంలో ఏ మందు కొట్టారు, ఏ మిల్లులో ఏ దుమ్ము పీల్చారు, ఎన్ని కాన్పులు. ఇక కథలు రాసేవాళ్ళకి ఒక మాట. ఆ గది తలుపు తీసి ఉంది. లోపలికి వెళ్ళి, ఆమె ఏం చెప్పిందో రాయండి.